బోరు నీళ్లు చెడిపోతే: ప్రభుత్వ డబ్బు ఎక్కడుంటుంది, ఎలా అడగాలి

బోరు కొడితే ఒక రకమైన ఘాటు వాసన. బిందె అడుగున పసుపు మడ్డి. పప్పు ఎంతసేపటికీ ఉడకదు. ఇలాంటిది మొదలైతే ఊళ్లో అందరం చేసే మొదటి పని ఒకటే: వంద సంతకాలు పెట్టించి కలెక్టరాఫీసులో ఒక కాగితం ఇచ్చి రావడం. అందులో అన్నీ కలిపేస్తాం. నీళ్లు కావాలి, ఫ్యాక్టరీ మూయాలి, పరిహారం ఇవ్వాలి, చెరువు బాగుచేయాలి.

మేమూ అదే చేశాం. ఆ కాగితం మూడు ఆఫీసులు తిరిగి, మూడు చోట్లా "ఇది మా పరిధి కాదు" అనిపించుకుని వెనక్కొచ్చింది. నాలుగు నెలలు పోయాయి. ఆ నాలుగు నెలలూ పిల్లలు అవే నీళ్లు తాగారు. మీకు ఆ ఆలస్యం జరగకూడదని ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. తాగడానికి నీళ్లిచ్చే డబ్బు వేరు, కాలుష్యాన్ని కడిగించే డబ్బు వేరు. మొదటిది పంచాయతీ, ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ), కలెక్టర్ల దగ్గర ఉంటుంది, వారాల్లో కదిలించవచ్చు. రెండోది కాలుష్యం చేసినవాడి జేబులోంచి రావాలి, దానికి ఏళ్లు పడుతుంది. అందుకే రెండు అర్జీలు రాయండి. రెండింటినీ ఒకే కాగితంలో పెడితే, రెండోదాని కోసం మొదటిది కూడా ఆగిపోతుంది.

ఆ రోజే చేయాల్సినవి

అనుమానం వచ్చిన బోరుకు ఎర్ర రంగు వేయించండి. "తాగరాదు" అని పెద్దక్షరాలతో రాయించండి. స్కూలుకు, అంగన్‌వాడీకి స్వయంగా వెళ్లి చెప్పండి. వాట్సాప్‌లో పెడితే సరిపోదు, వంట చేసే ఆయమ్మకు తెలియాలి.

కాచి తాగితే సరిపోతుందని చాలామంది అంటారు. విరేచనాలు తెప్పించే క్రిముల విషయంలో అది నిజం. ఫ్లోరైడ్, నైట్రేట్, రసాయనాలు మాత్రం కాచితే పోవు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడతాయి. కాబట్టి ఏమి కలిసిందో తెలిసేవరకు వేరే నీళ్లే వాడాలి. వరద తర్వాతో, పైపు పగిలి మురుగు కలిసో అయితే క్లోరినేషన్ వెంటనే చేయించండి. మంచి బ్లీచింగ్ పౌడరు అయితే వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాములు, కలిపాక కనీసం అరగంట నుంచి గంట ఆగాలి. పొట్లం విప్పి నెలలు గడిచిన పౌడరులో క్లోరిన్ మిగలదు, అది వేసినా వేయనట్టే.

శాంపిల్: కేసంతా నిలబడేది దీనిమీదే

"నీళ్లు బాగాలేవు" అన్న మాటకు ఏ ఆఫీసులోనూ నిధులు రావు. "ఫ్లోరైడ్ లీటరుకు 2.8 మిల్లీగ్రాములు" అన్న అంకెకు వస్తాయి. కాబట్టి ల్యాబ్ రిపోర్టు కావాలి.

ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ కింద గ్రామానికి ఐదుగురు మహిళలకు ఫీల్డ్ టెస్టింగ్ కిట్‌తో నీటి పరీక్ష నేర్పాలని నిబంధన. మీ ఊళ్లో ఆ కిట్ ఎవరి దగ్గర ఉందో అడగండి, చాలా చోట్ల పెట్టె విప్పకుండా బీరువాలో ఉంటుంది. అది ప్రాథమిక పరీక్ష మాత్రమే. తేడా కనిపిస్తే ఆర్‌డబ్ల్యూఎస్ ల్యాబ్‌కు, తెలంగాణలో అయితే మిషన్ భగీరథ ల్యాబ్‌కు పంపాలి. ఈ ల్యాబ్‌లలో మామూలు జనం కూడా కొద్దిపాటి ఫీజుతో పరీక్ష చేయించుకోవచ్చు.

శాంపిల్ తీసేటప్పుడు రెండు సీసాలు అవసరం. క్రిముల పరీక్షకు ల్యాబ్ వాళ్లే ఇచ్చే స్టెరిలైజ్ చేసిన సీసా తెచ్చుకోండి. కుళాయి మూతి శుభ్రంగా తుడిచి, రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలేయండి. సీసా మూత తీసి కింద పెట్టకండి, చేతిలోనే, లోపలి వైపు వేలు తగలకుండా పట్టుకోండి. పైన కొంచెం ఖాళీ ఉంచి మూత పెట్టి, ఐస్ ఉన్న డబ్బాలో పెట్టి ఆరు గంటల్లో ల్యాబ్‌కు చేర్చండి. ఎంత ఆలస్యమైనా 24 గంటలు దాటకూడదు. రసాయన పరీక్షకు రెండు లీటర్ల శుభ్రమైన ప్లాస్టిక్ క్యాన్ చాలు. అదే నీటితో మూడుసార్లు కడిగి అంచుదాకా నింపండి. ఫ్లోరైడ్ చూడాలంటే గాజు సీసా వద్దు. సీసం, ఆర్సెనిక్ లాంటి లోహాలు చూడాలంటే ముందే చెప్పండి, దానికి యాసిడ్ కలిపిన సీసా వేరే ఇస్తారు.

సీసా మీద బోరు నంబరు, వీధి, తేదీ, సమయం రాసి, సీసానూ బోరునూ కలిపి లొకేషన్‌తో ఫోటో తీయండి. మంచినీళ్లు వచ్చే పక్క వీధి బోరు నుంచి కూడా ఒక శాంపిల్ తీయండి. రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూపిస్తే, వాదనలో సగం మీరు మాట్లాడకుండానే అయిపోతుంది.

రిపోర్టు వచ్చాక, తాగునీటికి దేశంలో పెట్టిన ఐఎస్ 10500 ప్రమాణంతో పోల్చండి. ఫ్లోరైడ్ 1 దాకా మంచిది, వేరే నీరు లేకపోతే 1.5 దాకా అనుమతి. నైట్రేట్ 45 దాటకూడదు. కరిగిన లవణాలు, అంటే టీడీఎస్, 500 దాకా, వేరే దారి లేకపోతే 2000 దాకా. ఇవన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో. ఈ-కోలి బ్యాక్టీరియా 100 మిల్లీలీటర్ల శాంపిల్‌లో ఒక్కటి కూడా ఉండకూడదు.

ఇక్కడే ఒక తేడా గమనించండి. ఫ్లోరైడ్ మన నేల అడుగున ఉన్న రాయిలోంచే వస్తుంది. ప్రకాశం ప్రాంతంలో, అప్పటి నెల్లూరు జిల్లాలో, ఫ్లోరోసిస్‌ను, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బును, 1937లోనే గుర్తించి రాశారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. అలాంటి చోట జరిమానా వేయడానికి ఎవరూ ఉండరు, మీకు మొదటి అర్జీ ఒక్కటే సరిపోతుంది. ఘాటు వాసన, రంగు, నురగ, చేపలు తేలడం లాంటివి ఉంటే రెండో అర్జీ కూడా సిద్ధం చేయాలి.

గ్రామసభ తీర్మానం

వంద సంతకాల కన్నా ఒక్క తీర్మానం బలం ఎక్కువ. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరపాలి. అప్పటిదాకా ఆగలేకపోతే ప్రత్యేక గ్రామసభ పెట్టమని సర్పంచ్‌ను, కార్యదర్శిని రాతపూర్వకంగా అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంట్‌ను కూడా కూర్చోబెట్టండి, అంచనా వేయాల్సింది ఆయనే. గ్రామ నీరు, పారిశుద్ధ్య కమిటీ ఉంటే వాళ్లను పిలవండి. అందులో సగం మంది మహిళలు ఉండాలని జల్ జీవన్ మిషన్ నిబంధన. బిందె మోసేది వాళ్లే కాబట్టి ముందు మాట్లాడాల్సింది కూడా వాళ్లే.

తీర్మానం ఇలా ఉండాలి. అంకెలు నమూనాకే, మీవి మీరు నింపుకోండి:

"మా గ్రామం 4వ వార్డులోని మూడు బోర్ల నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 2.8 మి.గ్రా. ఉన్నట్టు ఫలానా తేదీ నాటి ల్యాబ్ రిపోర్టు తెలుపుతున్నది. ఇది ఐఎస్ 10500 అనుమతించిన 1.5 మి.గ్రా. పరిమితిని దాటినది. 212 ఇళ్లలోని 840 మంది, ఒక అంగన్‌వాడీ, ఒక ప్రాథమిక పాఠశాల ఈ నీటిపైనే ఆధారపడి ఉన్నారు. శాశ్వత ఏర్పాటు జరిగే వరకు తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 10 లీటర్ల చొప్పున 8,400 లీటర్ల సురక్షిత నీటిని వెంటనే అందించవలెనని, శాశ్వత పథకానికి అంచనాలు తయారు చేయవలెనని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది."

8,400 లీటర్లంటే 5,000 లీటర్ల ట్యాంకర్ రెండు ట్రిప్పులు. ఆ లెక్క మీరే రాసిస్తే అధికారికి ఖర్చు వెంటనే కళ్లకు కడుతుంది. మనిషికి పది లీటర్ల అంకె కూడా ఊరికే పెట్టింది కాదు. నాణ్యత చెడిన ఆవాసాలకు పూర్తి పథకం వచ్చేలోపు శుద్ధి ప్లాంటు పెట్టి తలసరి 8 నుంచి 10 లీటర్లు ఇవ్వాలని జల్ జీవన్ మిషన్ మార్గదర్శకాల్లోనే ఉంది. పూర్తి పథకంలో అయితే రోజుకు 55 లీటర్లు.

తీర్మానం రిజిస్టరులో రాశాక ఆ పేజీ ఫోటో తీసుకోండి, సర్టిఫైడ్ కాపీ అడిగి తీసుకోండి.

నీళ్లకు డబ్బు ఏ ఖాతాలోంచి

మొదటిది పంచాయతీ దగ్గరే ఉంటుంది: ఆర్థిక సంఘం నిధులు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకు ఇచ్చినదాంట్లో 60 శాతం నీటికీ పారిశుద్ధ్యానికీ మాత్రమే వాడాలని కట్టడి చేసింది. సగం తాగునీరు, వాననీటి నిల్వ, నీటి పునర్వినియోగానికి. మిగతా సగం పారిశుద్ధ్యానికి. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం మొదలైంది కాబట్టి, పాత ఖాతాలో ఖర్చు కాకుండా మిగిలింది ఎంత, కొత్తగా వచ్చేది ఏ నిబంధనతో అని కార్యదర్శిని విడివిడిగా అడగండి. ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైట్‌లో మీ పంచాయతీ పేరు కొడితే ప్రణాళిక, ఖర్చు ఎవరైనా చూడవచ్చు. "డబ్బుల్లేవు" అన్న మాట వినే ముందు ఒకసారి చూసి వెళ్లండి. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే మాత్రం ఈ నిధులు నిజంగానే ఆగిపోతాయి. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిశాక తెలంగాణ పంచాయతీలు పడ్డ ఇబ్బంది ఇదే.

పంచాయతీ ప్రణాళికలో పని పేరు లేకపోతే బిల్లు కాదు. అందుకే పై నమూనా తీర్మానానికి అదనంగా "ప్రణాళికలో సవరణగా చేర్చవలెను" అన్న వాక్యం తప్పకుండా ఉండాలి. మా పని రెండోసారి ఆగింది ఈ ఒక్క వాక్యం లేకే.

పెద్ద పథకం కావాలంటే ఆర్‌డబ్ల్యూఎస్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ద్వారా జల్ జీవన్ మిషన్. 2019 ఆగస్టు 15న ప్రకటించి 2024 నాటికి పూర్తి చేస్తామన్న ఈ మిషన్‌ను 2028 దాకా పొడిగించారు. గ్రామం లోపలి పనుల ఖర్చులో 10 శాతం గ్రామస్థుల వాటా. ఎస్సీ, ఎస్టీ జనాభా సగానికి మించిన గ్రామాలకు, కొండ, అటవీ ప్రాంతాలకు 5 శాతం. వాటాను డబ్బుగానే కాక శ్రమగా, సామగ్రిగా కూడా ఇవ్వవచ్చు. ఉపరితల నీళ్లు తెచ్చే పథకం ఒక్కో ఊరికి కాదు, ప్రాంతానికంతా కలిపి వస్తుంది. ఉద్దానం కిడ్నీ రోగుల గ్రామాల కోసం హిరమండలం నుంచి నీళ్లు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకాన్ని 2023 డిసెంబరులో ప్రారంభించారు. అంతదాకా రావడానికి ఆ ప్రాంతం ఎన్నేళ్లు అడిగిందో అక్కడివాళ్లకే తెలుసు. పక్క ఊళ్లను కలుపుకుని అడిగితే పని త్వరగా కదులుతుంది.

గనుల దగ్గర ఊళ్లవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. జిల్లా ఖనిజ నిధి, అందరూ డీఎంఎఫ్ అంటారు. 2015లో చట్టం మార్చి, గని లీజుదారు రాయల్టీ మీద అదనంగా 10 శాతమో, పాత లీజులైతే 30 శాతమో జిల్లాలోనే జమ చేయాలన్నారు. కలెక్టర్ అధ్యక్షుడు. 2024 మార్గదర్శకాల ప్రకారం ఇందులో కనీసం 70 శాతం అధిక ప్రాధాన్య రంగాలకు పోవాలి, ఆ జాబితాలో తాగునీరు, కాలుష్య నియంత్రణ రెండూ ఉన్నాయి. గనికి 15 కిలోమీటర్లలోపు ఊళ్లు నేరుగా ప్రభావితమైనవి, 25 కిలోమీటర్ల దాకా పరోక్షంగా. సింగరేణి బొగ్గు ప్రాంతం, సూర్యాపేట, పల్నాడు సున్నపురాయి గనులు, మంగంపేట ముగ్గురాయి చుట్టుపక్కల ఊళ్లు అడగాల్సింది ముందుగా దీన్నే. అర్జీలో గనికి మీ ఊరు ఎన్ని కిలోమీటర్లో తప్పక రాయండి. నాకు తెలిసి ఇంత దగ్గర్లో ఉండీ ఇంత తక్కువగా అడిగే నిధి ఇంకొకటి లేదు. ఊళ్లవాళ్లు అడగకపోతే అది రోడ్లకు, భవనాలకు పోతుంది.

అత్యవసరమంటే విపత్తు నిధి కూడా ఉంది, కానీ జాగ్రత్త. కరువు, వరద, తుఫాను లాంటివి దాని జాబితాలో ఉంటాయి. ఫ్యాక్టరీ కాలుష్యం ఉండదు. కరువు మండలమైతేనో, వరదకు బోర్లు మునిగితేనో ఆ కారణమే రాయండి, "కాలుష్యం" అని రాస్తే ఫైలు వెనక్కొస్తుంది. మిగతా సందర్భాల్లో అత్యవసర ఖర్చుకు కలెక్టర్‌కు ట్రెజరీ కోడ్ 27వ నిబంధన ఉంది, ఆఫీసుల్లో టీఆర్-27 అంటారు. విరేచనాలు ప్రబలినప్పుడు డాక్టర్ రిపోర్టు జత చేసి దీన్ని అడగండి.

ఎంపీ నిధుల నుంచి కూడా తాగునీటి పనులు చేయించవచ్చు, ఏడాదికి 5 కోట్లు ఉంటాయి. కంపెనీలు సమాజం కోసం ఖర్చు పెట్టాల్సిన సీఎస్ఆర్ డబ్బుతో, నీటిని శుద్ధి చేసే ఆర్ఓ ప్లాంట్లు పెట్టిన ఊళ్లూ ఉన్నాయి. అయితే నీళ్లు పాడుచేసిన కంపెనీయే ప్లాంటు పెట్టి రిబ్బన్ కత్తిరిస్తానంటే ఒప్పుకోవద్దు. చట్టప్రకారం చేసి తీరాల్సిన పనిని సీఎస్ఆర్‌గా లెక్కచూపకూడదని నిబంధనల్లోనే ఉంది. నీళ్లు తీసుకోండి. "దీంతో మా ఫిర్యాదు పరిష్కారమైంది" అన్న కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.

రెండో అర్జీ: కాలుష్యం చేసినవాడి చేత కడిగించడం

ఇది కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి. మీరు తీసిన శాంపిల్ ఫిర్యాదుకు ఆధారమే కానీ, కోర్టులో సాక్ష్యంగా నిలవాలంటే 1974 నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం మండలి అధికారే, ఫ్యాక్టరీకి నోటీసిచ్చి, శాంపిల్‌ను రెండుగా చేసి సీల్ వేసి తీయాలి. కాబట్టి వాళ్లను రప్పించడమే మీ పని. చాలా చోట్ల మురుగు వదిలేది అర్ధరాత్రి, వాన పడుతున్నప్పుడు. ఒక నోటుబుక్ పెట్టుకుని ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ కాలువలో, ఏ రంగు అని రాయండి. వీడియో తీయండి, కానీ ఫ్యాక్టరీ ప్రహరీ లోపలికి వెళ్లకండి.

ఆ నోటుబుక్ ఎందుకంత ముఖ్యమో ఈ లెక్క చూడండి. పర్యావరణ పరిహారాన్ని కేంద్ర మండలి సూత్రంతో వేస్తారు: కాలుష్య సూచిక, ఉల్లంఘన రోజులు, రూపాయల గుణకం, పరిశ్రమ పరిమాణం, ఉన్న చోటు, ఈ ఐదింటినీ గుణిస్తారు. రెడ్ కేటగిరీ, అంటే కాలుష్యం ఎక్కువ చేసే రకం పరిశ్రమకు సూచిక 80, గుణకం 250, మధ్యతరహా పరిశ్రమకు 1, పది లక్షల లోపు జనాభా ఉన్న చోటుకు 1. అంటే రోజుకు 20,000 రూపాయలు. 60 రోజులని రుజువైతే 12 లక్షలు. మూడు రోజులే రుజువైతే 60 వేలు. తేడా అంతా మీరు రాసిన తేదీల్లోనే ఉంది.

అర్జీలో ఆ నీటి చట్టంలోని రెండు సెక్షన్లు పేరుపెట్టి అడగండి. 33ఏ కింద మూసివేత, కరెంటు కట్ లాంటి ఆదేశాలు. 32 కింద బావిలోనో వాగులోనో విషం కలిసినప్పుడు మండలే స్వయంగా అత్యవసరంగా తొలగింపు పనులు చేయించడం. ఈ 32వ సెక్షన్‌ను అడిగేవాళ్లు తక్కువ, అందుకే వాడేవాళ్లూ తక్కువ. మండళ్లు 33ఏ కింద పర్యావరణ నష్టపరిహారం వసూలు చేయవచ్చని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది కూడా.

మండలి కదలకపోతే జాతీయ హరిత ట్రిబ్యునల్, మనకు చెన్నై బెంచ్. నష్టపరిహారం, నీటి వనరుల పునరుద్ధరణ అడగడానికి ఐదేళ్ల గడువు ఉంటుంది. పరిహారం అడగకపోతే ఫీజు 1,000 రూపాయలు, అడిగితే ఆ మొత్తంలో ఒక శాతం. దారిద్ర్య రేఖకు దిగువనున్నవారికి ఫీజు లేదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది.

సమయం గురించి మాత్రం నిజం చెప్పాలి. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద సుప్రీంకోర్టులో కేసు పడింది 1990లో, హరిత ట్రిబ్యునల్ తీర్పు వచ్చింది 2017లో. రాజస్థాన్ బిచ్చ్‌డీ గ్రామంలో బావులు ఎర్రబారితే, కంపెనీలే శుద్ధి ఖర్చు పెట్టాలని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. 2011 వచ్చినా ఆ 37 కోట్ల పైచిలుకు వసూలు కాక, చక్రవడ్డీతో కట్టమని మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది. ఇందుకే మొదట్లోనే రెండు అర్జీలన్నాను. కేసు నడుస్తూ ఉంటుంది. ఈలోపు ట్యాంకర్ రావాలి.

ఇచ్చాక వెంటపడటం

సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే కార్యక్రమంలో, అంటే తెలంగాణలో ప్రజావాణిలో, ఆంధ్రాలో పీజీఆర్‌ఎస్‌లో ఇచ్చి నంబరు తీసుకోండి. పదిహేను రోజులకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి: ఫైలు ఎవరి దగ్గర ఉంది, అంచనా ఎంత, మంజూరు ఏ ఖాతా నుంచి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, జిల్లాలో 10. ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని 7వ సెక్షన్ చెబుతుంది. తాగే నీటి రిపోర్టుకు ఆ సెక్షన్ రాసే అడగండి. సరఫరా బాధ్యత ఉన్న సంస్థ నీళ్లు ఇవ్వకపోతే శాశ్వత లోక్ అదాలత్‌కు వెళ్లవచ్చు, నీటి సరఫరా దాని పరిధిలోకే వస్తుంది, కోర్టు ఫీజు లేదు.

ప్లాంటు వచ్చేసిందా? మంచిది. ఆర్ఓ నుంచి బయటకు పోయే ఉప్పు నీళ్లు ఎటు పోతున్నాయో అదే రోజు చూడండి. పక్కనే గుంటలో వదిలితే అవి మళ్లీ మీ బోరులోకే దిగుతాయి. ప్లాంటులోని మెంబ్రేన్ (వడపోత పొర) మార్చిన తేదీ గోడ మీద పెయింటుతో రాయించండి. వానాకాలం అయ్యాక అదే రెండు సీసాలతో మళ్లీ శాంపిల్ తీసి, రిపోర్టును పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించండి.